మిషిగన్ సరస్సులో ట్రోలింగ్: 70 అడుగుల్లో చేప కనిపిస్తోంది, గాలానికి తగలట్లేదు

#1 రేసిన్_రాంబాబు

ముందే చెబుతున్నా, ఇది మీమ్స్ వేసి ఆడుకునే ట్రోలింగ్ కాదు, పడవ వెనక గాలాలు లాక్కుంటూ తిరిగే ట్రోలింగ్. అడ్మిన్ గారు పేరు చూసి తాళం వెయ్యకండి.

సెటప్ ఇదీ. 19 అడుగుల పడవ, 9.9 హార్స్‌పవర్ కిక్కర్ మోటార్ (నెమ్మదిగా నడిపే చిన్న మోటార్), చేత్తో తిప్పే డౌన్‌రిగ్గర్లు (కేబుల్ చివర బరువు గుండుతో గాలాన్ని లోతుకి దించే చక్రాలు) రెండు, 10 పౌండ్ల గుండ్లు. డిప్సీ డైవర్లు (దారాన్ని కిందికీ పక్కకీ లాగే పళ్లేలు) రెండు, 30 పౌండ్ల మోనో (ఒకే పోగు నైలాన్ దారం) మీద. విస్కాన్సిన్‌లోని రేసిన్ నుంచి బయటికి, 100–140 అడుగుల నీళ్లలో, జులై నెల. సోనార్‌లో (నీటి అడుగున ఉన్నవి చూపే తెర) 65 నుంచి 80 అడుగుల మధ్య చేపల వంపులు చక్కగా కనిపిస్తున్నాయి. జీపీఎస్ వేగం గంటకి 2.5 మైళ్లు. ఒక రిగ్గర్ మీద 8 అంగుళాల ఫ్లాషర్ (తిరుగుతూ మెరిసే పలక), దాని వెనక ఫ్లై (కుచ్చులాంటి ఎర). రెండోదాని మీద స్పూన్ (చెంచా ఆకారపు లోహపు ఎర). రెండూ కౌంటర్‌లో 70. అయిదు గంటలకి ఒకే ఒక్క లేక్ ట్రౌట్. మలుపు తిరిగిన ప్రతిసారీ డిప్సీ దారం రిగ్గర్ కేబుల్‌కి చుట్టుకుంటోంది. గుండు దగ్గరి టెంపరేచర్, వేగం చెప్పే ప్రోబ్ లేదు, ఇప్పట్లో కొనేదీ లేదు. ఏది ముందు సరిచేసుకోవాలి?

#2 గాలం_గురువు

డిప్సీల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ "70" ని నమ్మడం మానండి. కౌంటర్ చెప్పేది బయటికి వెళ్లిన కేబుల్ పొడవు, గుండు ఉన్న లోతు కాదు. పడవ కదులుతుంటే నీళ్లు గుండునీ కేబుల్‌నీ వెనక్కి నెడతాయి. కేబుల్ నిలువు నుంచి 25 డిగ్రీలు వాలితే 70 అడుగుల కేబుల్‌కి గుండు ఉండేది 63 దగ్గర. వాలు పెరిగేకొద్దీ తేడా ఇంకా పెరుగుతుంది. సోనార్‌లో వెడల్పు కోన్ (వెడల్పుగా పరుచుకునే కిరణం) పెట్టి చూస్తే మీ గుండే ఒక అడ్డగీతలా కనిపిస్తుంది. దాని లోతు చదువుకోండి, అదే లెక్క.

63లో ఉండటం తప్పేమీ కాదు. సాల్మన్ పైకి చూసి తింటుంది. గుర్తులకి అయిదు పది అడుగులు పైన గాలం పోతే లేచి వచ్చి కొడుతుంది, కిందనుంచి పోతే పట్టించుకోదు.

ఆ వంపులు కింగ్ (చినూక్) సాల్మనే అని ఎలా అనుకున్నారు? జులైకి ఈ సరస్సు పొరలుగా విడిపోతుంది. పైన 65–70 డిగ్రీల వెచ్చటి నీళ్లు (ఇక్కడ చెప్పే డిగ్రీలన్నీ ఫారన్‌హీట్), కింద 42–45 డిగ్రీల చల్లటివి, మధ్యలో కొద్ది అడుగుల్లోనే పది పదిహేను డిగ్రీలు పడిపోయే పలుచటి పొర. ఆ పొరే థర్మోక్లైన్. కింగ్ ఎక్కువగా 48–54 మధ్య తిరుగుతుంది. కోహో (ఇదీ సాల్మనే) 54 దగ్గర. స్టీల్‌హెడ్ (రెయిన్‌బో ట్రౌట్) 55–60లో, ఒక్కోసారి ఇంకా వెచ్చగా, దాదాపు పైనే. బ్రౌన్ ట్రౌట్ 55–65. లేక్ ట్రౌట్‌కి 45–50 హాయి. మీకు పడింది లేక్ ట్రౌట్. ఒక్క చేపతో తీర్పు చెప్పలేం గానీ, మీ గాలాలు రెండూ కింగ్‌లున్న పొర దాటి చలిలోకి దిగిపోయి ఉండొచ్చు.

ప్రోబ్ లేకుండా టెంపరేచర్ తెలుసుకోవడానికి రెండు దారులు. సోనార్ సెన్సిటివిటీ పెంచుతూ పోతే ఒక లోతులో పొగమంచు లాంటి పట్టీ కనిపిస్తుంది. అది థర్మోక్లైన్ దగ్గర పేరుకున్న నలుసులు, నీటి పురుగులు. రెండోది: కనిష్ఠ ఉష్ణోగ్రతని గుర్తుపెట్టుకునే చిన్న వాటర్‌ప్రూఫ్ థర్మామీటర్‌ని గుండుకి టేపుతో బిగించండి. పడవ ఆపి 30 అడుగులు దింపి, రెండు మూడు నిమిషాలు ఉంచి, పైకి లాగి చదవండి. మళ్లీ 45, 60, 75. వేసవిలో లోతుకి పోయేకొద్దీ చల్లబడుతుంది కాబట్టి అది చూపించే కనిష్ఠం అట్టడుగున తగిలినదే. పావుగంట పని. ఆ పావుగంట మిగతా రోజంతా కలిసొస్తుంది.

#3 సీసంగుండు

గురువు గారు లోతు చెప్పారు, నేను వేగం చెబుతా.

జీపీఎస్ చూపే 2.5 నేల మీద వేగం. పడవ కింద 60 అడుగుల్లో నీళ్లు వేరే దిక్కుకి పోతుంటాయి. ఆ ప్రవాహం అర మైలు వేగంతో మీకు ఎదురొస్తే స్పూన్‌కి తగిలేది 3.0. మీ వెంటే వస్తే 2.0. చాలా స్పూన్లు 2.0లో బద్ధకంగా ఊగుతాయి, 3.0లో గిరగిరా తిరిగి దారం మెలిపెడతాయి. జీపీఎస్ అంకె మాత్రం అప్పుడూ 2.5, ఇప్పుడూ 2.5.

ప్రోబ్ లేనివాళ్లకి స్పీడోమీటర్ రిగ్గర్ కేబులే. ఉత్తరానికి పది నిమిషాలు, దక్షిణానికి పది నిమిషాలు ఒకే జీపీఎస్ వేగంతో పోయి, కేబుల్ నీళ్లలోకి దిగేచోట వాలు చూడండి. ఒకవైపు ఎక్కువ, ఇంకోవైపు తక్కువ ఉంటే కింద ప్రవాహం ఉందన్నట్టే. చేప కొట్టినప్పుడు వాలు ఎంతుందో గుర్తుపెట్టుకుని, దిక్కు మారినా అదే వాలు వచ్చేలా మోటార్ సర్దుకోండి. రెండు కేబుళ్లూ ఒకే పక్కకి వాలితే అడ్డ ప్రవాహం. అప్పుడు వేగం మార్చి లాభం లేదు, పడవ దిక్కుని 20–30 డిగ్రీలు తిప్పి కేబుళ్లు నేరుగా వెనక్కి వచ్చేదాకా చూడండి.

గాలం దగ్గర ఉండాల్సిన వేగం: కింగ్‌కి 2.3–2.7, కోహోకి 2.2–2.8, లేక్ ట్రౌట్‌కి 1.5–2.2. మార్చేటప్పుడు 0.2 చొప్పున మార్చండి. ఒక్కసారే 0.5 పెంచితే ఏది పనిచేసిందో తెలీదు.

#4 రేసిన్_రాంబాబు

దక్షిణానికి పోతుంటే కేబుల్ బాగా వాలుతోంది, ఉత్తరానికి దాదాపు నిలువు. అంటే దక్షిణానికి పోయేటప్పుడు తగ్గించాలా?

#5 సీసంగుండు

అవును. కింద నీళ్లు ఉత్తరానికి పోతున్నాయి. దక్షిణానికి 2.1, ఉత్తరానికి 2.8 దాకా పెట్టి చూడండి. జీపీఎస్ అంకె చూసి భయపడొద్దు.

#6 వరంగల్_వైర్‌లైన్

రాంబాబన్నా, డిప్సీ కేబుల్‌కి చుట్టుకునుడుకు కారణాలు శానా ఉండయ్, మూడే.

ఒకటి, డైవర్ కింద తిరిగే సీసం ప్లేటు. దాని మీద ఎల్, ఆర్ అని రెండు దిక్కులకు 1, 2, 3 గీతలు ఉంటయ్. సున్నా మీద పెడితే సీదా కిందికి పోతది, 3 మీద పెడితే పక్కకు బాగ పోయి తక్కువ లోతుల నిలుస్తది. ఎడమ పక్క రాడ్‌కు ఆర్ పెట్టినవనుకో, డైవర్ పడవ కిందికే ఉరుకుతది, పోయి కేబుల్‌ను పట్టుకుంటది. నీళ్లల్లకు ఇడిచే ముందర పడవ పక్కన పదిహేను అడుగులు వదిలి కండ్లతోని చూడు, ఎటు పోతుందో ఎర్కైతది. నీకున్నది పక్కకు ఒక్క డైవరే కాబట్టి 3 మీదనే పెట్టు. రెండు పెట్టెటట్టయితే బయటిది 3, లోపటిది 1, లోపటిది ఇంక లోతుకు.

రెండు, రాడ్ పొడుగు. డిప్సీకి 8.5 నుంచి 10 అడుగుల రాడ్ గావాలె. దాన్ని పడవకు అడ్డంగ, నీళ్లకు దగ్గరగ పండుకోబెట్టు. నిలబెడితే పక్కకు పోయే జాగ తగ్గుతది.

మూడు, మలుపు. మలిగినప్పుడు లోపలి దిక్కు గాలాలు నెమ్మదయి కిందికి జారుతయ్, బయటి దిక్కువి ఉరికి పైకి లేస్తయ్. నెమ్మదయిన డైవర్ పక్కకు గుంజుడు ఆపుతది, సీదా కేబుల్ మీదికి వస్తది. గందుకే స్టీరింగ్ ఒక్కసారే తిప్పొద్దు. అయిదు నిమిషాలు పట్టే పెద్ద మలుపు తియ్యి, మలుపుల వేగం జర పెంచు.

ఇంకో మాట, మోనో తీసెయ్యి. 150 అడుగుల మోనో రబ్బర్ లెక్క సాగుతది. రాడ్ గుంజినా డైవర్ ట్రిప్ కాదు (తిరగబడి లాగుడు వదలదు), ట్రిప్ కాని డైవర్‌ను గుంజి పైకి తెచ్చుడంటే బకెట్‌ను గుంజినట్టే. 40 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం), లేకపోతే 30 పౌండ్ల ఏడు పోగుల స్టీల్ వైర్. రెండూ సాగవు కాబట్టి డైవర్ వెనక రబ్బర్ స్నబ్బర్ (దెబ్బ ఓర్చే సాగే గొట్టం) పెట్టు, లేకపోతే కింగ్ కొట్టిన దెబ్బకు లీడర్ (ఎరకు కట్టే చివరి దారం) తెగుతది. లీడర్ ఆరు నుంచి ఎనిమిది అడుగులు. రాడ్ కన్నా పొడుగుంటే చేప వలకు అందది.

లోతు అందాజ: 1 మీద రెండు అడుగుల తీగకు ఒక అడుగు, 3 మీద మూడింటికి ఒకటి. వేగం, తీగ మందం మారితే ఇది కూడ మారుతది, పక్కా లెక్క కాదు.

#7 గాలం_గురువు

వైర్ సలహాకి ఒక హెచ్చరిక. మామూలు రాడ్ చివరి రింగ్‌లో వైర్ మడతపడి ముడుచుకుంటుంది. ట్విల్లీ టిప్ అని స్ప్రింగ్ లాంటి మెత్తటి చివర దొరుకుతుంది, అది పెట్టించుకోవాలి. వదిలేటప్పుడు బొటనవేలు స్పూల్ మీదే ఉండాలి. ఒక్కసారి రీల్‌లో గూడు కట్టిందంటే వైర్ పనికిరాదు, ముడుత పడ్డచోట కోసేయడమే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నా ఓటు బ్రెయిడ్‌కే.

#8 వరంగల్_వైర్‌లైన్

గురువు గారూ, ఆగస్టుల ఈగలు వచ్చినప్పుడు మాట్లాడుదాం.

#9 కోనసీమ_కోహో

ఆ ఈగల సంగతి కొత్తవాళ్లకి అర్థం కాదండి, చెప్పేస్తాను. వాటర్ ఫ్లీ అంటారు గానీ ఈగా కాదు, దోమా కాదు. పొడుగాటి ముల్లు తోక ఉన్న బుల్లి నీటి పురుగు. 1980ల్లో ఓడల్లో బ్యాలస్ట్ నీళ్లతో యూరప్ నుంచి ఈ సరస్సుల్లోకి వచ్చింది. వేసవి ముదిరేసరికి సన్నటి దారానికి తడిపిన దూదిలా పట్టేస్తుందండి. రాడ్ చివరి రింగ్ మూసుకుపోతుంది, చేప ఉన్నా చుట్టలేరు. సన్నటి బ్రెయిడ్‌కి ఎక్కువ పడుతుంది, 30 పౌండ్ల మందపాటి మోనోకి తక్కువ, నున్నటి వైర్‌కి కూడా తక్కువే. కాబట్టి ఇద్దరూ రైటే: జూన్‌లో బ్రెయిడ్, ఆగస్టులో వైర్. పట్టినప్పుడు రాడ్ కొనని నీళ్లలో ముంచి ఆడించి చుట్టుకోవాలి. చేత్తో పీకుతూ కూర్చుంటే ఈలోగా చేప పోతుంది.

ఇక రాంబాబు గారి ఫ్లై. ఫ్లాషర్‌కీ ఫ్లైకీ మధ్య లీడర్ ఎంతో చెప్పలేదండి, సగం తంటా అక్కడే ఉంటుంది. ఫ్లై తనంతట తాను ఆడదు. ఫ్లాషర్ గుండ్రంగా తిరుగుతూ దాన్ని విదిలిస్తేనే ఆడుతుంది. 8 అంగుళాల ఫ్లాషర్‌కి 18 నుంచి 24 అంగుళాలు. 11 అంగుళాల దానికి 28 నుంచి 36. పొడుగైతే విదిలింపు ఫ్లై దాకా చేరదు, పొట్టిదైతే చేప నోటికి అందకుండా కొట్టుకుంటుంది. లీడర్ సన్నగా ఉండకూడదు. 40–50 పౌండ్ల బిరుసైన ఫ్లోరోకార్బన్ వాడితేనే ఆ విదిలింపు వెనక్కి పోతుంది. 20 పౌండ్లది కట్టారంటే ఫ్లై తడిసిన పీచులా వేలాడుతుంది.

కిందికి పంపేముందు పడవ పక్కనే నీళ్లలో పెట్టి చూడండి. ఫ్లాషర్ పూర్తి చుట్టు తిరగాలి, పక్కలకి ఊగి ఆగిపోకూడదు. ఫ్లై తోక చివరకి గాలం కొక్కెం కాస్త లోపలే ఉండాలి. కొక్కెం మరీ ముందుకుంటే ఫ్లై లోపల పూసలు చేర్చి వెనక్కి జరపండి. చేపలు తోక కొరికి వదిలేస్తున్నాయంటే కారణం ఇదే.

డాడ్జర్‌ని ఫ్లాషర్ అనుకోకండి. డాడ్జర్ పక్కలకి ఊగాలి, చుట్టు తిరగకూడదు. తిరిగిందంటే వేగం ఎక్కువైనట్టు. ఏప్రిల్, మే నెలల్లో ఇల్లినాయ్, ఇండియానా వైపు కోహోకి వాడేది ఎర్ర నారింజ రంగు సున్నా సైజు డాడ్జర్. వెనక చిన్న ఫ్లై, 12–16 అంగుళాల లీడర్. ఆ నెలల్లో కోహో పైపైనే ఉంటుంది, డౌన్‌రిగ్గర్‌తో పనిలేదు.

#10 రేసిన్_రాంబాబు

లీడర్ ఇప్పుడే కొలిచా. 34 అంగుళాలు, 20 పౌండ్లది. ప్యాకెట్‌లో ఎలా వచ్చిందో అలాగే కట్టేశా. 😑

గుండు దగ్గర దారం పట్టుకునే క్లిప్ నుంచి గాలం ఎంత వెనక ఉండాలి?

#11 కోనసీమ_కోహో

దొరికేశారండి!

60–70 అడుగుల లోతులో ఫ్లాషర్‌కి 10–20 అడుగులు, స్పూన్‌కి 20–30 చాలు. మే నెలలో 15 అడుగుల లోతులో బ్రౌన్ ట్రౌట్‌కైతే 60 నుంచి 100 దాకా వదలాలి, పడవ నీడకే బెదురుతుందది. క్లిప్ బిగింపు కూడా చూసుకోండి. దారం ప్యాడ్ల అంచున పెడితే ఫ్లాషర్ లాగుడుకే ఊడిపోతుంది. లోపలిదాకా తోస్తే చిన్న కోహో పడినా క్లిప్ ఊడదు, అరగంట సేపు చచ్చిన చేపని లాక్కుంటూ తిరుగుతారు. మధ్యలో పెట్టి, చేత్తో గట్టిగా గుంజితే ఊడేలా ఉంచండి. రాడ్ కొన నీళ్ల వైపు బాగా వంగేదాకా దారం బిగించాలి. చేప కొట్టగానే రాడ్ ఎగిరి నిటారవుతుంది. అప్పుడు వెనక్కి గుంజకండి, ముందు వదులైన దారమంతా గబగబా చుట్టండి.

#12 మిసిసాగా_మడుగు

అంటారియో సరస్సు వైపు నుంచి ఒక మాట. అందరూ రిగ్గర్లు, డిప్సీల దగ్గరే ఆగిపోయారు. నీళ్లు తేరుకున్న రోజున పడవకి దూరంగా పోయే గాలానికే చేప పడుతుంది. క్వాగా ఆల్చిప్పలు నీళ్లలో నాచుని వడకట్టి తినేశాక రెండు సరస్సులూ అద్దంలా అయ్యాయి. 70 అడుగుల్లో కూడా మోటార్ చప్పుడు, గుండు ఊపు చేపకి తెలుస్తాయి.

దానికి లెడ్‌కోర్. నైలాన్ గొట్టం లోపల సీసం తీగ, ప్రతి పది గజాలకి రంగు మారుతుంది. 27 పౌండ్ల లెడ్‌కోర్ 2.2–2.4 వేగంలో రంగుకి సుమారు అయిదు అడుగులు దిగుతుంది. అంటే పది రంగులకి 50. వేగం తగ్గితే ఇంకా దిగుతుంది, పెంచితే లేస్తుంది, మలుపుల్లో తనంతట తనే ఎక్కి దిగుతుంది. చాలాసార్లు చేప కొట్టేది అక్కడే. ఇంకా లోతుకి కావాలంటే 45 పౌండ్ల రాగి తీగ, వంద అడుగుల తీగకి సుమారు 20 అడుగుల లోతు. 300 అడుగుల రాగి వేస్తే మీ గుర్తులున్న చోటికే పోతుంది, అదీ పడవకి వంద అడుగుల పక్కన. పక్కకి తీసుకెళ్లేది ప్లేనర్ బోర్డు, తీగకి క్లిప్‌తో తగిలించే చిన్న పలక.

బోర్డుల వరస తప్పారంటే సర్వనాశనం. తక్కువ లోతుది బయట, ఎక్కువ లోతుది పడవకి దగ్గర. బయటి దానికి చేప పడి వెనక్కి వచ్చినప్పుడు దాని తీగ లోపలి తీగల పైనుంచి దాటిపోతుంది. తిరగేసి పెడితే అన్నీ ఒకే ముద్ద.

లెడ్‌కోర్‌ని బ్యాకింగ్‌కి (రీల్‌లో ముందుగా చుట్టే దారానికి) కట్టేటప్పుడు చివర ఆరేడు అంగుళాల సీసం లాగి విరిచేసి, ఖాళీ గొట్టంతో ముడి వెయ్యండి. సీసంతో సహా కడితే ముడి లావై రింగుల్లో ఇరుక్కుంటుంది.

రాడ్లు ఎన్ని వాడొచ్చన్నది రాష్ట్రానికో రకం, కెనడాలో ఇంకో రకం. లైసెన్స్ పుస్తకం చూసుకోండి. విస్కాన్సిన్‌లో లైసెన్స్‌తోపాటు గ్రేట్ లేక్స్ సాల్మన్, ట్రౌట్ స్టాంప్ కూడా కావాలి.

#13 సీసంగుండు

బాగుంది గానీ, 19 అడుగుల పడవలో ఇద్దరు మనుషులకి రిగ్గర్లు రెండు, డిప్సీలు రెండు, పైన బోర్డులా? ముందు ఉన్న నాలుగు రాడ్లు చుట్టుకోకుండా నడిపితే అదే పదివేలు.

#14 మిసిసాగా_మడుగు

డిప్సీలు తీసేసి బోర్డులు పెట్టమంటున్నా. పడవ చిన్నదైతేనే గాలం దూరంగా పోవాలి.

#15 సీసంగుండు

అల ఉన్న రోజు బోర్డు మునిగి తేలుతూ ఉంటే చేప పడిందో లేదో కూడా తెలీదు. ఈ గొడవ తెగదులెండి. రాంబాబు గారూ, గుండు సంగతి ఒకటి: పది పౌండ్లు వంద అడుగుల లోపు సరిపోతుంది. దాటితే 12 లేదా 15 కావాలి, కానీ చేత్తో తిప్పే రిగ్గర్ ఎంత మోస్తుందో తయారీదారు రాసిన బరువు చూసుకున్నాకే. స్టీల్ కేబుల్ బదులు 200 పౌండ్ల బ్రెయిడ్ వేస్తే రొద ఉండదు, వాలూ కొంత తగ్గుతుంది. కాకపోతే పడవ అంచుకి ఒరుసుకుంటే తెగుతుంది. గుండు పోతే పోయింది, క్లిప్‌లో ఉన్న దారం కూడా దానితో పోతుంది.

#16 గాలం_గురువు

గాలి మాట ఎవరూ ఎత్తలేదు. ఈ సరస్సులో చేప ఎక్కడుందో చెప్పేది ముందు గాలే.

భూమి తిరగడం వల్ల పైనీళ్లు గాలి వీచే దిక్కుకి కుడివైపుకి జరుగుతాయి. దక్షిణం నుంచి గాలి రెండు మూడు రోజులు వీచిందనుకోండి, పైన ఉన్న వెచ్చటి నీళ్లు తూర్పుకి, అంటే మిషిగన్ రాష్ట్రం ఒడ్డుకి పోతాయి. ఖాళీ పూడ్చడానికి రేసిన్, మిల్వాకీ ఒడ్డున అడుగు నుంచి చల్లటి నీళ్లు లేస్తాయి. మొన్న 70 అడుగుల్లో ఉన్న 50 డిగ్రీల పొర ఇవాళ 25 అడుగుల్లోకి వస్తుంది, ఒడ్డుకి దగ్గరగా. ఉత్తరం గాలికి దీనికి సరిగ్గా తలకిందులు. మన ఒడ్డున వెచ్చటి నీళ్లు పేరుకుని పొర లోతుకి దిగిపోతుంది, అటు మిషిగన్ ఒడ్డున లడింగ్టన్ వాళ్లకి చలినీళ్లు ఒడ్డుకొస్తాయి. కాబట్టి పోయిన వారం చేప పడిన జీపీఎస్ గుర్తు ఈ వారం అచ్చిరాదు. బయల్దేరే ముందు మూడు రోజుల గాలి దిక్కు, ఉపగ్రహం ఇచ్చే పైనీటి టెంపరేచర్ మ్యాపు చూడండి. మన ఒడ్డు వెంట నీలం పట్టీ కనిపిస్తే చల్లటి నీళ్లు లేచినట్టు.

దీనికే అంటుకున్న ప్రమాదం ఇంకోటి. పడమటి గాలి వీచే రోజు విస్కాన్సిన్ ఒడ్డున నీళ్లు చెరువులా ఉంటాయి, గాలి ఒడ్డు చాటున పడుతుంది కాబట్టి. అయిదారు మైళ్లు లోపలికి పోయేసరికి అల పెరిగి ఉంటుంది, తిరుగు ప్రయాణమంతా దానికి ఎదురు. రేవులో నీళ్లు చూసి కాదు, సరస్సు దక్షిణ భాగం నడుమ ఉన్న 45007 బోయ్ (నీటి మీద తేలుతూ వాతావరణం కొలిచే పరికరం) చూపే అలల ఎత్తు చూసి వెళ్లండి. అలల మధ్య ఎన్ని సెకన్లో కూడా చూడండి. నాలుగు సెకన్లకొకటి వచ్చే మూడడుగుల అల ఎనిమిది సెకన్లకొచ్చే అయిదడుగుల దానికన్నా చిన్న పడవని ఎక్కువ కుదుపుతుంది. లైఫ్ జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీద. మే నెలలో 45 డిగ్రీల నీళ్లలో పడితే చేతులు పట్టు తప్పడానికి నిమిషాలు చాలు.

#17 రేసిన్_రాంబాబు

స్పూన్ సైజు, రంగు?

#18 కోనసీమ_కోహో

రంగు గురించి గొడవపడితే వంద పేజీలు దాటుతుందండి. తెల్లారకముందు గ్లో స్పూన్, టార్చితో వెలుగు పట్టించి దింపడం. ఎండెక్కాక వెండి, నీలం, ఆకుపచ్చ. నడిసరస్సులో పైన తిరిగే స్టీల్‌హెడ్‌కి నారింజ. ఇంతే నేను నమ్మేది.

సైజుకి మాత్రం కారణం ఉంది. కింగ్ తినేది దాదాపు ఒకే ఒక్క చేపని, ఏల్‌వైఫ్. అట్లాంటిక్ సముద్రపు చేప అది, కాలవల గుండా ఎగబాకి ఈ సరస్సుల్లో చేరింది. లాంప్రేలు (చేపల రక్తం పీల్చే పాములాంటి జీవులు), అతిగా పట్టిన వేట కలిసి లేక్ ట్రౌట్‌ని తుడిచిపెట్టాక దాన్ని తినేవాళ్లు లేక, 1967లో కోట్లలో చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చి కుళ్లిపోయింది. దాన్ని తినడానికే మిషిగన్ రాష్ట్రం పసిఫిక్ నుంచి తెచ్చి 1966లో కోహోని, 1967లో కింగ్‌ని వదిలింది. హ్యూరాన్ సరస్సులో 2003–04లో ఏల్‌వైఫ్ కుప్పకూలితే వెంటనే కింగ్ కూడా పోయింది. లేక్ ట్రౌట్ గోబీ చేప తిని నిలబడింది, కింగ్‌కి అది చేతకాలేదు. కాబట్టి మీ స్పూన్ ఆ నెల ఏల్‌వైఫ్ అంత ఉండాలి. జులైలో మూడున్నర, నాలుగు అంగుళాలది. ఆగస్టు చివర ఆ ఏటి పిల్లలు రెండు అంగుళాలు ఉండి సరస్సంతా నిండితే చిన్న స్పూన్. పట్టిన మొదటి చేప పొట్ట కోసి చూడండి, అంతకన్నా మంచి క్యాటలాగ్ లేదు.

గాలం మొన బొటనవేలి గోటి మీద పెట్టి మెల్లగా లాగండి. గీరుకుని ఆగితే పదునుంది. జారితే ఆకురాయి పట్టండి, కొత్త ప్యాకెట్‌వైనా సరే.

#19 వరంగల్_వైర్‌లైన్

ఏ చేప పడ్డదో ఎర్క చేసుకునుడు కూడ చెప్పున్రి, లేక్ ట్రౌట్ లిమిట్ వేరే ఉంటది, ఫైన్ పడుతది. నోరు తెరువుండ్రి: చిగురు నల్లగ ఉంటే కింగ్, తోక రెండు రెక్కల మీద చుక్కలుంటయ్. చిగురు తెల్లగ ఉండి తోక పైరెక్క మీదనే చుక్కలుంటే కోహో. నోరంత తెల్లగ, తోకంత వరుస చుక్కలుంటే స్టీల్‌హెడ్. తోక సీదా కోసినట్టుండి చుక్కలు లేకుంటే బ్రౌన్. తోక లోతుగ చీలి, ముదురు ఒంటి మీద తెల్ల మచ్చలుంటే లేక్ ట్రౌట్.

వీపు రెక్కకు, తోకకు నడుమ వేలంత చిన్న కొవ్వు రెక్క ఉంటది. అది కోసి ఉంటే హాచరీల (చేపపిల్లల్ని పెంచే కేంద్రం) పెంచి ఇడిచిన చేప, ముక్కుల సన్నటి టాగ్ తీగ ఉండొచ్చు. తల కోసి రేవుల పెట్టిన ఫ్రీజర్ల ఏసి చీటీ రాస్తే, ఏ సంవత్సరం యాడ ఇడిచిన్రో వాళ్లకు తెలుస్తది.

#20 పులుసు_ప్రసాద్

అందరూ పట్టడం గురించే. వండేవాళ్లకి ఒక మాట.

ఈ చేపల కొవ్వులో పీసీబీలు (విషపూరిత పారిశ్రామిక రసాయనాలు) పేరుకుంటాయి. పెద్ద లేక్ ట్రౌట్‌లో, పెద్ద కింగ్‌లో ఎక్కువ. ఏ సైజు చేప నెలకి ఎన్నిసార్లు తినొచ్చో ప్రతి రాష్ట్రం పట్టిక ఇస్తుంది, గర్భిణులకి, పిల్లలకి వేరే వరస. చర్మం, పొట్ట అంచు కొవ్వు, వీపు మీది కొవ్వు, పక్కన గీత వెంట ఉండే ముదురు మాంసం, ఇవన్నీ తీసేయమంటారు. కొవ్వు కారిపోయేలా గ్రిల్ చేసి, కారిన నూనె పారబోయమంటారు.

మనం చేసేది దీనికి తలకిందులు. చర్మంతో ముక్కలు కోసి, చింతపండు పులుసులో ఉడికించి, పైన తేలిన నూనె చూసి మురిసిపోతాం. పులసకైతే అది అందం. సెప్టెంబర్‌లో ఇవీ పులసలాగే ఏటికి ఎదురెక్కుతాయి గానీ, వండే తీరు ఒకటి కాదు. పులుసే కావాలంటే చిన్న కోహో తీసుకోండి, చర్మం, కొవ్వు తీసి, పులుసు పూర్తిగా మరిగి చిక్కబడ్డాక చివర్లో ముక్కలు వేసి ఆరేడు నిమిషాల్లో దింపండి. గరిటె పెట్టొద్దు, గిన్నె పట్టుకుని తిప్పండి. రోహూ, బొచ్చె అంత గట్టి కాదు ఇది, పొరలు పొరలుగా విడిపోతుంది.

పట్టిన వెంటనే మొప్పల దగ్గర కోసి రక్తం కారనిచ్చి, ఐసు కలిపిన నీళ్లలో ముంచితేనే ఏ వంటకైనా రుచి. ఎండలో డెక్ మీద గంట పడేసిన కింగ్‌ని ఏ మసాలా కాపాడలేదు.

#21 రేసిన్_రాంబాబు

రాసుకున్నా: లీడర్ 22 అంగుళాలు, 50 పౌండ్లది. డిప్సీలు బ్రెయిడ్ మీద, 3. ఒక గుండు 50లో, ఇంకోటి 65లో, కౌంటర్ కాదు సోనార్ చూసి. దిక్కు మారినప్పుడల్లా కేబుల్ వాలు. శనివారం తెల్లవారుజామున 110 అడుగుల నీళ్లకి పోయి మొదలెడతా.

#22 గాలం_గురువు

110కి పరిగెత్తకండి. బుధవారం నుంచి నైరుతి గాలే వీస్తోంది. 50–60 అడుగుల నీళ్లలో ఆగి, థర్మామీటర్ దింపి చూడండి. అక్కడే 50 డిగ్రీలు తగిలితే గాలాలు అక్కడే వేసేయండి. అన్నీ 44 ఉంటేనే బయటికి, అదీ పది పది అడుగుల లోతు చొప్పున దింపి చూసుకుంటూ.

#23 వరంగల్_వైర్‌లైన్

ఎల్, ఆర్ చూసుకో అన్నా.